ఎవరూ పడని గెలుపు

మొదలుపెట్టిన రోజు నా దగ్గర ఉన్నవి ఇవి: ముప్పై ఎనిమిది కిలోల ఒళ్ళు, ఎడమచేతి వాటం, పక్కింటివాళ్ళ అబ్బాయికి పొట్టయిపోయిన తెల్ల జూడో దుస్తులు, నాన్నమ్మ నా నడుముకి రెండు చుట్లు తిప్పి బిగించిన తెల్ల బెల్టు. వయసు పదేళ్ళు. ఊరు జపాన్లో సకాయి. జూడో శాల మా కొట్టు వెనక వీధిలోనే. మొదటి మూడు నెలలు మాకు పడటం తప్ప ఇంకేమీ నేర్పలేదు. వెనక్కి పడటం, పక్కకి పడటం, దొర్లుతూ పడటం. ఒళ్ళు చాపను తాకే క్షణంలో అరచేత్తో చాపను చరచాలి, దెబ్బంతా ఆ చరుపులోంచి బయటికి పోవాలి. విసరడం ఎప్పుడు నేర్పుతారని మిగతా పిల్లలు సణిగేవాళ్ళు. నాకు విసుగు రాలేదు. పొద్దున్నే మా నాన్నమ్మ గోదాములో చేసే పని కూడా అదే కదా: కొట్లో వంటకి అమ్మే ఎండిన సముద్రపు నాచు కట్టల్ని ఒక్కొక్కటిగా అరచేత్తో చరిచి, చెవి దగ్గర పెట్టి వినేది. తేమ పట్టిన కట్ట బద్ధకంగా పలుకుతుంది, బాగా ఆరిన కట్ట టప్పుమంటుంది. రంగు చూసి కొనేవాళ్ళంటే ఆవిడకి జాలి. "కంటికేం తెలుసురా, చెయ్యి అడగాలి, చెవి వినాలి" అనేది. నేను పడినప్పుడల్లా నా చరుపు ఎలా పలికిందో వినడం అలా అలవాటైంది. ఇప్పటికీ ఉంది ఆ అలవాటు. ఇవాళ మాత్రం వినడానికి ఏమీ లేదు, ఇవాళ నేను ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగుంబావు. ఫుకుఓకా క్రీడాశాల వెనకున్న కసరత్తు గదిలో గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. వేళ్ళకి చుట్టిన పట్టీలు ఒక్కొక్కటే విప్పుతున్నాను, జిగురు లాగినచోటల్లా వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర వంగడం మానేసి ఆరేళ్ళయింది. గంట క్రితం అరవై ఆరు కిలోల విభాగంలో ఫైనలు గెలిచాను. ఈ విభాగం నుంచి ఒలింపిక్సుకి ఒక్కరే వెళతారు. ఫైనలు గెలిచినవాడే వెళ్ళాలని మా దేశంలో ఎక్కడా రాసి లేదు. ఆటలన్నీ అయిపోయాక కమిటీ పెద్దలు ఒక గదిలో తలుపు వేసుకుంటారు. ఎవరు ఎక్కడ ఎవరిని పడేశారు, విదేశాల్లో ఎవరి చెయ్యి పైన ఉంది, ఎవరి మోకాలు ఇంకో మూడు నెలలు ఆగుతుంది, ఇవన్నీ చూస్తారు. ఇవాళ్టి గెలుపు వాళ్ళ ముందు పరిచిన సరుకుల్లో ఒకటి. మేము బయట ఉంటాం. నాకు ముప్పై ఒకటి నిండింది, మరో నాలుగేళ్ళు ఈ ఒళ్ళు ఆగదు. ఆ తలుపు తెరిచేసరికి నా పేరు వస్తే వెళతాను, రాకపోతే ఇక ఎప్పటికీ లేదు. లెక్క చిన్నదే. కష్టమల్లా కూర్చోవడమే.

గదికి ఎదురు మూల ఒచియాయి ర్యోహె కూర్చున్నాడు. ఫైనల్లో నా చేతిలో ఓడినవాడు, ఇరవై మూడేళ్ళవాడు. నా వైపు వీపు పెట్టి తన జూడో కోటు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడుస్తున్నాడు. ఆ మెడ వెనక ఎర్రగా కమిలిన చార నా పిడికిలి పట్టినది. నాలుగు నిమిషాల ఆట సమానంగా ముగిసింది. ఆ తర్వాత ఎవరో ఒకరు తేలేదాకా ఆడాలి. దాడికి దిగకుండా వెనకాడితే రెఫరీ హెచ్చరిక వేస్తాడు. వాడి మీద రెండు హెచ్చరికలు, నా మీద ఒకటి. మూడోది పడినవాడు ఓడినట్టే. నేను ఎప్పుడూ ఆడే పద్ధతే ఆడాను: ముందు నేను కదలాలి, చిన్నదో పెద్దదో దాడి చేస్తున్నట్టు కనిపించాలి, అవతలివాడు వెనకబడినట్టు రెఫరీ కంటికి తోచాలి. ఆరో నిమిషంలో వాడు నా స్లీవు పట్టి పైకెత్తి, దాని కిందికి దూరి, నడుము మీదుగా నన్ను విసరబోయాడు. పట్టు జారింది. జారిన ఊపులో వాడి బరువంతా కుడికాలి మీద ఒరిగింది. ఒక గుక్క తిప్పుకునేంతసేపు, అంతే. నా ఎడమచెయ్యి వాడి స్లీవు మీద అప్పటికే ఉంది, నాకు తెలియకుండానే బిగిసింది. ఎత్తి, తిరిగి, దూరితే చాలు. వాడు గాల్లోకి లేచి వీపు మీద పడతాడు, ఆట అక్కడితో ముగుస్తుంది. నేను దూరలేదు. దూరితే నూటికి తొంభై వాడు పడతాడు, పది వంతులు నా మోకాలు మడతపడి నేను పడతాను. దూరకపోతే వాడికి మూడో హెచ్చరిక వస్తుంది, ఇరవై సెకన్లో ముప్పై సెకన్లో. కాలితో ఒక చిన్న తాపు తన్ని వెనక్కి జరిగాను. పాతిక సెకన్లకి రెఫరీ ఆట ఆపి వాడి వైపు వేలు చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు, వాన వెలిశాక చూరునుంచి నీళ్ళు కారినట్టు, అక్కడొకటి ఇక్కడొకటి.

నేను మొదటిసారి జాతీయ టోర్నీ గెలిచినప్పటిది కూడా అలాంటి గెలుపే. నాన్నమ్మ కొట్టు కట్టేసి టీవీ ముందు కూర్చుని చూసిందట. ఇంటికి ఫోన్ చేస్తే, "గెలిచావటగా, మంచిది. మరి ఆ అబ్బాయి కింద పడలేదేం?" అంది. హెచ్చరికల సంగతి వివరించాను. ఓపిగ్గా విన్నది. "ఊఁ. అయితే ఎవరూ పడకుండానే అయిపోయిందన్నమాట" అంది, పక్కనున్న ఎవరితోనో చెబుతున్నట్టు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పోయే ముందు సంవత్సరం దాచిన కట్టలు ఇంకా గోదాములో ఉన్నాయి, బాగా ఆరాలంటే మూడేళ్ళు పడుతుంది.

తలుపు తెరుచుకున్న చప్పుడైతే తల ఎత్తాను. కమిటీ తలుపు కాదు, పక్క తలుపు. సెగావా. ఒక చేతిలో ఐసు సంచి, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన డబ్బా. ఒకప్పుడు నా విభాగమే, ఇప్పుడు ఈ ఊళ్ళో పోలీసు, పన్నెండు కిలోలు పెరిగాడు.

"ఏరా ముసలాయనా, మోకాలు ఇంకా నీ దగ్గరే ఉందా?"

"సగం ఉంది."

"మిగతా సగం నాకొద్దు బాబూ, నాకు నాదే ఎక్కువైంది." పక్కన చతికిలబడి డబ్బా విప్పాడు. కారం పట్టించిన చేపగుడ్లు కూరిన అన్నం ముద్దలు. "మా ఆవిడ పంపింది. పోయినసారి బరువు చూస్తారని ముట్టుకోలేదుగా నువ్వు, ఇప్పటికీ దెప్పుతుంది. తిను. ఇవాళ నిన్ను తూచేవాళ్ళు తక్కెడ వాడరు."

తిన్నాను. ఉప్పు నాలిక మీద చురుక్కుమంది. పొద్దున తక్కెడ మీద నిలబడ్డప్పుడు అరవై అయిదు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నిన్నంతా నోట్లో ఐసుముక్క తప్ప ఏమీ లేదు. ఇరవై ఒక్కేళ్ళలో నేను తిననివన్నీ ఒకచోట పోస్తే ఈ గది పట్టదేమో.

"ఎంతనుకుంటున్నావ్?" అన్నాడు సెగావా, తలుపు వైపు గడ్డం ఎత్తి.

"ఆరుకి నాలుగు."

"నీకా, వాడికా?"

"నాకే. పదింట ఆరు వంతులు నా పేరు, నాలుగు వాడిది."

నమిలాడు, మింగాడు. "నాలుగేళ్ళ కిందట ఇదే గోడ దగ్గర నాకూ ఆరుకి నాలుగే అన్నారు. ఎవరన్నారో గుర్తుందా?"

గుర్తుంది. నేనే అన్నాను. ఆ రోజు ఫైనల్లో సెగావా నన్ను రెండు నిమిషాల్లో వీపు మీద పడేశాడు, జనం లేచి నిలబడ్డారు. కమిటీ నా పేరు చదివింది. నాకు విదేశాల్లో గెలుపులు ఎక్కువ, ఓడినా తొందరపడి ఓడను, నమ్మకమైన సరుకు అనుకుని ఉంటారు. నన్ను పడేసినవాణ్ణే నాకు పడటానికి తోడు ఇచ్చారు. ఒలింపిక్సుకి వెళ్ళేవాడికి ఒక మనిషి కావాలి, రోజూ వందలసార్లు విసిరించుకోవడానికి, అవతలి దేశంవాళ్ళ పట్టు నేర్చుకుని వాళ్ళలా ఆడటానికి, సంచీ మొయ్యడానికి. సాధారణంగా ఏ చిన్నవాడో ఉంటాడు. సెగావా తనే ఒప్పుకున్నాడు. అయిదు నెలలు పడ్డాడు. నేను అయిదో స్థానంలో వచ్చాను, కంచు పతకం ఆటలో మూడో హెచ్చరిక నాకు పడింది. విమానం దిగాక నా సంచీ భుజాన వేసుకుంటూ, "నేను పడ్డ పాట్లకి అయిదో స్థానమేనా రా నాయనా" అని అందరిముందూ నవ్వాడు. నేనూ నవ్వాను. అంతకు మించి ఆ అయిదు నెలల గురించి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"సెగావా, ఎలా ఉండేదిరా?"

"ఏది?"

"పడటం. నా కోసం."

ఐసు సంచిని నా మోకాలి మీద ఇంకో వైపుకి తిప్పాడు. "రోజుకి రెండు వందలు. నేను లెక్కపెట్టేవాణ్ణి కాదు, నువ్వు పైకి లెక్కపెట్టేవాడివి కదా. గుర్తులేదా? ఒకటి, రెండు, మూడు, కొట్లో కట్టలు దింపుతున్నట్టు. నీ లెక్క ఎప్పుడైనా తప్పుతుందేమోనని చూసేవాణ్ణి. ఒక్కరోజైనా నూట తొంభై దగ్గర మర్చిపోయి ఆపేస్తావేమోనని."

"ఆపానా?"

"ఒక్కనాడూ ఆపలేదు." ఇంకో ముద్ద తీసుకున్నాడు. "కోపమేం లేదురా. పడేటప్పుడు కోపం ఉండదు, చాప ఎప్పుడొస్తుందా అనే ఉంటుంది."

గదిలో చాపలు తీసేవాళ్ళు పని మొదలుపెట్టారు. పచ్చ చాపలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, ప్రతి చప్పుడుకీ నా చెవి దాని తేమ వెతుకుతోంది. ఒచియాయి కోటు మడవడం ఆపాడు. వాడు ఇవాళ ఎత్తిన ఆ పట్టు నాదే. మూడేళ్ళ కిందట ఉమ్మడి శిబిరంలో వచ్చి అడిగాడు. మాలో అడిగితే దాచకూడదు, ప్రత్యర్థి అయినా చూపించాలి, రేపు నిన్ను దానితోనే పడేసినా సరే. చూపించాను. మోచెయ్యి ఎంత ఎత్తాలో, తుంటి ఎంత లోపలికి పోవాలో, ఏ అడుగు ముందో. వందసార్లు చేయించాను, చుట్టూ ఉన్న పెద్దలు చూసి మెచ్చుకున్నారు. ఒక్క సంగతి చెప్పలేదు. స్లీవు పట్టేటప్పుడు చిటికెన వేలు గుడ్డ అంచుని రెండో మడత వేసి అరచేతిలోకి నొక్కాలి. ఆ ఒక్క మడత లేకపోతే చెమట పట్టిన గుడ్డ పదింట మూడుసార్లు జారుతుంది. మా నాన్నమ్మ కూడా కొనేవాళ్ళకి అన్నీ చెప్పేది, ఏ తీరంలో కోసినది, ఎన్నేళ్ళు దాచినది, ఎంతసేపు నానబెట్టాలి. గోదాములో ఏ మూల పెట్టి దాచిందో మాత్రం చెప్పేది కాదు. నేను ఆ మూలని దాచుకున్నాను. ఇవాళ ఆరో నిమిషంలో వాడి పట్టు జారింది అందుకే. వాడు కుడికాలి మీద ఒరిగింది అందుకే. అంటే ఆ సందు నేను మూడేళ్ళ కిందట నాటినది, ఇవాళ పండింది. పండినదాన్ని కొయ్యకుండా పక్కకి జరిగాను. మోకాలు అని చెప్పుకున్నాను, హెచ్చరికలు అని చెప్పుకున్నాను, రెండూ అబద్ధం కాదు. లెక్క ప్రకారం నేను చేసింది సరైనదే. చాప మీద. తలుపు వెనక కూర్చున్న ఏడుగురు ఆ ఆరో నిమిషాన్ని టీవీ తెర మీద వెనక్కి తిప్పి ముందుకి తిప్పి చూస్తుంటారు ఇప్పుడు. ఇదే మనిషి నాలుగేళ్ళ కిందట కంచు పతకం ఆటలో కూడా ఇలాగే ఆగాడని ఎవరో ఒకరు అంటారు. ఇంకెవరో పళ్ళెంలోంచి ఒక బిస్కెట్టు తీసుకుంటారు. గోడ గడియారంలో ముల్లు కదలట్లేదనుకున్నాను, చూస్తే అయిదయింది.

తలుపు తెరుచుకుంది. ఒకాయన కాగితం పట్టుకుని బయటికొచ్చాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు. తేలిక విభాగం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చదివాడు. మందుల కొట్లో చీటీ పిలిచినట్టు ఉంది గొంతు. "అరవై ఆరు కిలోలు. ఒచియాయి ర్యోహె." ఆగకుండా తర్వాతి విభాగానికి వెళ్ళిపోయాడు.

సెగావా డబ్బా మూత పెట్టాడు. నాకు ఏమీ కాలేదు, నిజంగానే ఏమీ కాలేదు, ఐసు కరిగి కాలి మీదుగా మడమ దాకా చల్లగా కారుతోందని మాత్రం తెలిసింది. ఆరుకి నాలుగు. ఆ ఆరులో నేను వేటిని కలిపాను? ఇవాళ్టి గెలుపుకి రెండు వేసుకున్నాను. దానికి ఒకటి కూడా ఎక్కువే.

ఒచియాయి గది దాటి వచ్చాడు. అందరూ వీపు తడుతున్నా ఆగలేదు. నా ముందు నిలబడి నడుము వంచి దండం పెట్టాడు, చాలాసేపు వంగే ఉన్నాడు.

"లేవయ్యా. శుభం. వెళ్ళిరా."

"అన్నా, ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"ఆరో నిమిషంలో మీకు దొరికిపోయాను. మీకు తెలిసింది, మీ చెయ్యి బిగిసింది. ఎందుకు వెయ్యలేదు?"

చూసినవాళ్ళు నాలుగు వేలమంది ఉంటారు. తెలిసింది ఇద్దరికే, చేతుల్లో ఉన్నది కంటికి కనపడదు.

"నీ మీద రెండు హెచ్చరికలున్నాయి. వెయ్యాల్సిన అవసరం లేకపోయింది."

"నేను పడటానికి సిద్ధమైపోయానన్నా. చాప చరచడానికి చెయ్యి కూడా చాచాను." వాడి కుడి అరచెయ్యి నిజంగానే కాస్త తెరుచుకుని ఉంది, ఇప్పుడు కూడా. "ఆ పడటం ఇంకా ఒంట్లోనే ఉండిపోయింది. గెలిచానని చెబుతున్నారు, సంతోషమే, కానీ కాళ్ళు నిలవట్లేదు. నవ్వకండి."

నేను నవ్వలేదు. సెగావా నవ్వాడు. "పడేయరా వాణ్ణి, పాపం. చాపలన్నీ ఎత్తేస్తున్నారు."

ఐసు సంచి పక్కన పెట్టి లేచాను. చాపలు తీసేవాళ్ళు ఆ మూల నాలుగు చాపలు వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాడు మడిచిన కోటు మళ్ళీ తొడుక్కుని వచ్చాడు, ఎదురెదురుగా నిలబడి వంగాం. ఎడమచేత్తో వాడి స్లీవు పట్టుకున్నాను. వాడు ఆరో నిమిషంలో ఎలా ఒరిగాడో అలాగే కుడికాలి మీద ఒరిగాడు, ఏమీ కలపలేదు, ఏమీ దాచలేదు. ఎత్తాను, తిరిగాను, దూరాను. మోకాలు ఒక్కసారి కలుక్కుమని, తర్వాత ఊరుకుంది. వాడి బరువు నా నడుము మీదికి వచ్చి, అక్కడ లేకుండా పోయింది. చాప మీద వాడి అరచెయ్యి పలికింది. గది అవతల ఎవరో మాట ఆపారు.

వాడు పడుకునే పైకి చూస్తూ, "ఆ" అన్నాడు. అంతే. గుండె నిండా గాలి పీల్చి వదిలాడు.

"లే. ఇప్పుడు నా స్లీవు పట్టు. నీది ఎందుకు జారిందో తెలుసా? చిటికెన వేలు చూడు. అంచు ఇలా రెండో మడత. ఇప్పుడు నొక్కు. లాగు."

లాగాడు. జారలేదు. మళ్ళీ లాగాడు. వేలి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇది అప్పుడు చెప్పలేదు."

"చెప్పలేదు."

"మూడేళ్ళూ?"

"మూడేళ్ళూ."

కోపం వస్తుందేమోనని చూశాను. వాడు ఆ మడత విప్పి, మళ్ళీ వేసి చూసుకున్నాడు. "మీరు మామూలు కొట్టువాళ్ళు కాదన్నా" అన్నాడు చివరికి. "వందసార్లు చేయించారు, చెమటలు కక్కించి మరీ. నేనింటికెళ్ళి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఆయన అన్నీ నేర్పాడని."

"ఇప్పుడు చేసి చెప్పు. ఇవాళ్టికి నిజమవుతుంది. ఊఁ, వెయ్యి."

"మీ మోకాలు?"

"పడేవాడికి మోకాలితో పని లేదు. మూడు నెలలుంది నీకు. ఇంత మెత్తగా పడేవాడు ఇంకొకడు దొరకడు నీకు. వెయ్యి."

వాడు ఇంకా తటపటాయిస్తున్నాడు, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు, పెద్దవాణ్ణి అలా వాడుకోవచ్చా అని చూస్తున్నాడు. ఆ తర్వాత చిటికెన వేలు మడత వేసింది. నా చెయ్యి పైకి వెళ్ళింది, పైకప్పు దీపాలు పక్కకి తిరిగాయి, కాళ్ళు నావి కాకుండా పోయాయి. సెగావా చెప్పింది నిజమే, కోపం లేదు, చాప ఎప్పుడొస్తుందా అనే ఉంది. వచ్చింది. అరచేత్తో చరిచాను, విన్నాను.

గోడ దగ్గర్నుంచి సెగావా గట్టిగా, నోట్లో అన్నం ముద్దతోనే, "ఒకటి!" అన్నాడు.

ఇరవై ఒక్కేళ్ళకి చేతికొచ్చింది ఇది: నాలుగు జాతీయ గెలుపులు, అందులో రెండు ఎవరూ పడనివి, ఒక అయిదో స్థానం, నలిగిన చెవులు రెండు, వంగని వేలు ఒకటి, రెండు గంటలు ఆలస్యంగా వేసిన ఒక విసురు. చిటికెన వేలి మడత ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు. పడటం మాత్రం మొదటి మూడు నెలల్లో నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉంది, ఎక్కడా తేమ పట్టలేదు.